బద్ధకం అనుకున్నాను

అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు చెప్పి బతికేవాళ్లకు గొంతు, కాళ్లు ఈ రెండే పెట్టుబడి. నేను ఎస్‌క్యూఎల్ చెబుతాను. మైత్రీవనం వెనక సందుల్లో ఒక భవనం మూడో అంతస్తులో పొద్దున ఏడున్నరకు మొదటి బ్యాచ్, పదిన్నరకు రెండోది. మధ్యాహ్నం పంజాగుట్టలో ఒక ఆఫీసుకు వెళ్లి అక్కడి ఉద్యోగులకు పాఠం. రాత్రి ఎనిమిదిన్నరకు ఇంట్లోంచి ఆన్‌లైన్ క్లాసు. అది పదికి అయిపోయేది గానీ, పిల్లల సందేహాలు అర్ధరాత్రి దాకా వాట్సాప్‌లో వస్తూనే ఉండేవి. ఏళ్ల తరబడి ఇదే నా దినచర్యగా ఉండేది. ఇష్టపడి చేసే పనే. ఊరి నుంచి ఒక బ్యాగు, ఒక సర్టిఫికెట్ల ఫైలు పట్టుకుని దిగిన పిల్ల ఆరు నెలల తర్వాత ఫోన్ చేసి "మేడమ్, ఆఫర్ లెటర్ వచ్చింది" అంటే ఆ రోజు నాకు అన్నం సహించదు, సంతోషంతో.

అంత పని చేసుకుంటూ ఒంటిని పట్టించుకోలేదన్న దిగులు మాత్రం ఎప్పటి నుంచో ఉంది. మా నాన్న సుగర్‌తో పోయారు. కాలి వేలి మీద చిన్న పుండుతో మొదలై కిడ్నీల దాకా పోయింది ఆయన జబ్బు. కరోనా కాలంలో క్లాసులన్నీ ఆన్‌లైన్ అయ్యాక కుర్చీలోంచి లేవడమే తగ్గిపోయింది, బరువు పెరిగాను. నలభైకి దగ్గర పడుతున్నాను, నాన్న దారిలోనే వెళ్తున్నానేమో అని భయం పట్టుకుంది. సుగర్ పరీక్ష చేయించుకుంటే బాగానే ఉందన్నారు. అది ఒక్కటి బాగుంటే ఒళ్లంతా బాగున్నట్టే అనుకున్నాను. మరునాడే ఇంటి దగ్గరి జిమ్‌లో డబ్బు కట్టాను.

జిమ్‌లో చేరడంలో తప్పేమీ లేదు. దాని చుట్టూ నేను అల్లుకున్న ఏర్పాటు ఉంది చూశారూ, అది ఇప్పుడు తలచుకున్నా నాకు సిగ్గుగా ఉంటుంది. పొద్దున ఏడున్నరకు క్లాసు కాబట్టి ఐదింటికల్లా జిమ్‌లో ఉండాలి. అంటే నాలుగున్నరకు లేవాలి. పడుకునేది పన్నెండు దాటాక. ఆ లెక్క నాకు తెలియనిది కాదు. అయినా నిద్రను ఖర్చు కింద రాయలేదు. రాత్రి అన్నం మానేశాను. రెండు పుల్కాలు, ఒక గిన్నె కీరా ముక్కలు, అంతే. పొద్దున ఖాళీ కడుపుతో ఒక కప్పు డికాషన్ తాగి వెళ్లేదాన్ని. వచ్చాక స్నానం చేసి క్లాసుకు పరుగు. రెండు బ్యాచ్‌ల మధ్య టీ. మధ్యాహ్నం కర్రీ పాయింట్ నుంచి ఏదో ఒక కూర, పిడికెడు అన్నం, మళ్లీ టీ. అది చాలదన్నట్టు అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు మెట్రోలో ఒక్క స్టేషనే కదా అని, ఎండలో నడిచి వెళ్లడం మొదలుపెట్టాను.

ఒకేసారి మూడు మార్పులు చేశాను: శ్రమ పెంచాను, తిండి తగ్గించాను, నిద్ర కోసేశాను. జిమ్‌లో నేర్పే అబ్బాయి మొదటి రోజే చెప్పాడు. "అక్కా, మొదటి నెల వారానికి మూడు రోజులు చాలు. ఇంట్లో ఏమేం తింటున్నారో రాసి తీసుకురండి" అన్నాడు. తలూపాను. రాయలేదు, మూడు రోజులతో ఆగనూ లేదు. పక్కన నా వయసులో సగం ఉన్న పిల్లలు బరువులు ఎత్తుతుంటే, అంతకంటే తక్కువ ఎత్తడం నా పట్టుదలకు చిన్నతనంగా తోచింది.

మొదటి రెండు వారాలు ఒళ్లు నొప్పులు. అవి ఎవరికైనా వస్తాయి. అలవాటు లేని పని చేసిన కండరంలో సన్నని దెబ్బలు తగులుతాయి. ఒకటి నుంచి మూడు రోజుల పాటు నొప్పి ఉండి తగ్గిపోతుంది, ఆ మరమ్మతులోనే కండరం గట్టిపడుతుంది. ఆ నొప్పి నాకు నచ్చింది కూడా. మెట్లు దిగుతుంటే తొడలు పట్టేస్తుంటే, ఏదో సాధిస్తున్నానన్న తృప్తి ఉండేది.

నొప్పి తగ్గింది. దాని చోట అలసట వచ్చి కూర్చుంది. ఇది పని చేసి అలసిపోయిన అలసటలా లేదు. పడుకుని లేచినా అలాగే ఉండేది. పొద్దున అలారం మోగితే మంచం మీద నుంచి కాళ్లు కింద పెట్టడానికి మనసును బతిమాలుకోవాల్సి వచ్చేది. పదిన్నర బ్యాచ్‌లో బోర్డు మీద రాస్తూ రాస్తూ, వేలసార్లు చెప్పిన లెఫ్ట్ జాయిన్ ఉదాహరణ మధ్యలో మరిచిపోయి నిలబడిపోయాను. అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో రెండు లైన్లు కలుస్తాయి గనక ఎక్కడాలు దిగడాలు ఎక్కువ. ఇరవై మెట్లెక్కేసరికి గుండె చెవుల్లో కొట్టుకునేది, రెయిలింగ్ పట్టుకుని నిలబడితే వెనక వచ్చేవాళ్లు తప్పుకుని వెళ్లేవారు. జిమ్‌కు వెళ్తున్న మనిషికి మెట్లెక్కితే ఆయాసం రావడమేమిటి అని ఒక్కసారి ఆగి ఆలోచించినా సరిపోయేది. ఇంకా బలం రాలేదు కాబోలు, ఇంకాస్త చేయాలి అనుకున్నాను.

ఇంకో సంగతి కూడా ఉంది. బియ్యం చెరుగుతూ గుప్పెడు నోట్లో వేసుకోవడం చిన్నప్పుడు నాకు అలవాటు. "బియ్యం బుక్కితే పెండ్లినాడు వాన పడ్తది" అని మా అమ్మ అదిలించేది. ఆ అలవాటు ఎప్పుడో పోయింది. వ్యాయామం మొదలుపెట్టిన కొద్ది నెలలకే మళ్లీ పట్టుకుంది. బియ్యం డబ్బా తీస్తే పచ్చి బియ్యం నమలకుండా ఉండలేకపోయేదాన్ని. రాత్రి పూట అన్నం మానేసిన మనిషిని, పగలు వంటింట్లో దొంగచాటుగా పచ్చి బియ్యం నమిలేదాన్ని. అన్నం మీద మనసు లాగుతోందని, నోరు కట్టుకోలేని బలహీనతని నన్ను నేను తిట్టుకున్నాను. పచ్చి బియ్యం, మట్టి, బలపాలు, ఐసుముక్కలు నమలాలనిపించడం ఒంట్లో ఇనుము తగ్గినవాళ్లలో తరచుగా కనిపించే గుర్తు అని తర్వాత డాక్టరమ్మ చెబితే తెలిసింది. మన ఇళ్లల్లో ఎంతమంది ఆడపిల్లలకు ఈ అలవాటు ఉంటుందో, ఎంతమందిని వాన పేరు చెప్పి అదిలించి ఊరుకుంటామో!

మా ఆయన రెండు మూడుసార్లు అన్నాడు, "నీకు నిద్ర సరిపోవడం లేదు, ఆ పొద్దుటి జిమ్ మానెయ్, సాయంత్రం నడువు" అని. ఒకసారి నేను చేద్దామనుకుంటే వెనక్కి లాగుతున్నావని ఆయన మీద విరుచుకుపడ్డాను. అలసటకు నా దగ్గర ఒకే వివరణ ఉండేది: బద్ధకం. ఇన్నేళ్లు కూర్చుని ఒళ్లు బద్ధకానికి మరిగింది, దాన్ని లొంగదీయాలి. అందుకని అలసట పెరిగిన కొద్దీ వ్యాయామం పెంచాను. ఆదివారం విశ్రాంతి కూడా తీసేశాను. కునుకు రాకుండా ఇంకో టీ, ఇంకో కాఫీ. ఆ కాఫీ రాత్రి నిద్రను ఇంకా పలచన చేసేది. జిమ్ నుంచి వచ్చి అద్దంలో ముఖం చూసుకుంటే పాలిపోయి కనిపించేది. చెమట పట్టి తెల్లబడ్డానని సమాధానం చెప్పుకున్నాను.

ఇదంతా నా ఒంటికి నేను చేసుకున్నది. ఇంకొకరికి చేసింది కూడా ఒకటి ఉంది. అది చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఖమ్మం వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి నా ఏడున్నర బ్యాచ్‌లో ఉండేది. రెండో వరుసలో కూర్చునేది. పాఠం మధ్యలో కళ్లు మూతలు పడేవి, తల వాలిపోయేది, ఉలిక్కిపడి లేచేది. ఒకరోజు నాకు ఓపిక నశించింది. నలభై మంది ముందు లేపి నిలబెట్టి అడిగాను: "అమ్మానాన్నలు అప్పు చేసి పంపితే ఇక్కడికి నిద్రపోవడానికి వచ్చావా? నీ రెట్టింపు వయసు నాకు. నాలుగున్నరకు లేచి, జిమ్‌కు వెళ్లి, నీకు పాఠం చెబుతున్నాను. ఓపిక తెచ్చుకుంటే వస్తుంది." ఆ పిల్ల ఏమీ అనలేదు. తల వంచుకుని "సారీ మేడమ్" అంది. ఆ వారం మళ్లీ క్లాసుకు రాలేదు. నాకు అప్పటికి కోపమే మిగిలింది. నా ఒంటిని నేను తిట్టుకునే తిట్టునే ఆ పిల్ల మీద వేశానని అప్పుడు తోచలేదు.

ఆషాఢంలో బల్కంపేట ఎల్లమ్మ కల్యాణానికని సూర్యాపేట నుంచి అమ్మ వచ్చింది. ఆ రోజు బల్కంపేట రోడ్లలో అడుగు పెట్టే సందు ఉండదు. అమ్మవారు నేలమట్టానికి దిగువన, బావిలో వెలసిన తల్లి. దర్శనానికి బారులు తీరి నిలబడతారు. డెబ్బై దాటిన మా అమ్మ బోనం మోసే ఆడవాళ్ల పక్కన నిటారుగా నిలబడి ఉంటే, నేను లైన్లో నిలబడలేక గోడ వారన చతికిలబడ్డాను. అమ్మ వంగి నా ముఖం చూసింది. బొటనవేలితో నా కింది కనురెప్ప కిందికి లాగింది.

"ఏం బిడ్డా, కండ్లల్ల నెత్తురు సుక్క లేదు గదనే. ఎన్నడన్న రక్తం సూపిచ్చుకున్నవా?"

చూపించుకోలేదు. పంజాగుట్టకు నడిచి వెళ్లేటప్పుడు నిమ్స్ అంత పెద్ద ఆసుపత్రి పేరున్న బోర్డులు రోజూ కళ్లబడేవి. దారి పొడవునా రక్తపరీక్షల ల్యాబులు. కొన్ని వందల రూపాయలు, పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు నాకు దొరకలేదు, జిమ్‌లో ఇంకో గంట మాత్రం దొరికింది.

డాక్టరమ్మ ముందు కూర్చుని నేను వ్యాయామం గురించే చెప్పుకుపోయాను. ఏ రోజు ఏ కసరత్తు, ఎన్ని కిలోలు. ఆవిడ అవన్నీ విని, నేను చెప్పనివి అడిగింది. ఎన్నింటికి పడుకుంటావు? పొద్దున ఏం తింటావు? పప్పు, గుడ్లు, మాంసం వారంలో ఎన్నిసార్లు? నెలసరిలో ఎన్ని రోజులు, ఎంత రక్తం పోతుంది? టీ ఎప్పుడెప్పుడు తాగుతావు? ఒక్కొక్క ప్రశ్నకు జవాబు చెబుతుంటే నాకే అర్థమవుతూ వచ్చింది. నెలసరి నాకు రెండేళ్లుగా ఎక్కువగా ఉంది. ఆడవాళ్లకు ఈ వయసులో మామూలేనని వదిలేశాను. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9.4 వచ్చింది. ఆడవాళ్లకు, గర్భిణులు కానప్పుడు, 12 కంటే తగ్గితే రక్తహీనత అని ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీత. ఒంట్లో ఇనుము నిల్వ ఎంత ఉందో చెప్పే ఫెరిటిన్ దాదాపు అడుగంటింది. బి12 కూడా తక్కువే. థైరాయిడ్ బాగుంది. "రోట్లో గింజలు లేనప్పుడు ఎంత దంచితే ఏం లాభం?" అందావిడ.

ఇంటికి వచ్చాక చదవడం మొదలుపెట్టాను. పాఠం చెప్పేదాన్ని కదా, ఏదైనా మొదటి నుంచి తెలుసుకోకపోతే మనసు నిలువనివ్వదు. అలా చదువుతూ యల్లాప్రగడ సుబ్బారావు దగ్గరికి వెళ్లాను. భీమవరంలో 1895లో పుట్టిన మనిషి, మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్లాడు, గొప్ప మందులు కనిపెట్టాడు అని చిన్నప్పుడు తెలుగు వాచకంలో చదివినంతే నాకు తెలుసు. ఆయన తొలినాటి పరిశోధనల్లో ఒకటి నా అలసట గురించేనని తెలియదు.

1920లలో కండరానికి శక్తి లాక్టిక్ ఆమ్లం వల్ల వస్తుందని శాస్త్రవేత్తల నమ్మకం. ఆ దారిలో చేసిన పరిశోధనలకే ఏ.వి. హిల్, ఓటో మేయర్‌హాఫ్‌లకు 1922 నోబెల్ బహుమతి వచ్చింది. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేస్తున్న సుబ్బారావు 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని కనుక్కున్నాడు. ఇంగ్లండ్‌లో ఎగిల్టన్ దంపతులూ దాదాపు అప్పుడే దాని జాడ పట్టారు. 1929లో ఫిస్కే, సుబ్బారావు కండరంలో ఏటీపీని కూడా గుర్తించారు. అదే సమయంలో జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా కనుక్కున్నాడు. మనం వేలు కదిలించినా, గుండె కొట్టుకున్నా ఖర్చయ్యేది ఈ ఏటీపీయే. గట్టిగా పనిచేస్తే కండరంలో ఉన్న ఏటీపీ కొన్ని క్షణాలకే సరిపోతుంది. ఫాస్ఫోక్రియాటిన్ దాన్ని మరికొన్ని క్షణాలు నిలబెడుతుంది. ఆ తర్వాత తిన్న తిండి నుంచి, పీల్చిన ఆక్సిజన్ నుంచి మళ్లీ మళ్లీ తయారు చేసుకోవాలి.

ఆ 1927 నాటి పరిశోధనలో నన్ను పట్టి నిలబెట్టిన సంగతి ఒకటుంది. కండరం పనిచేస్తే ఫాస్ఫోక్రియాటిన్ విడిపోతుంది. విశ్రాంతిలో మళ్లీ తయారవుతుంది. ఒక విడత బరువులు ఎత్తి దింపాక రెండు మూడు నిమిషాలు ఆగమని జిమ్‌లో చెప్పేది ఇందుకే. దాదాపు వందేళ్ల కింద ఒక తెలుగువాడు ప్రయోగశాలలో కొలిచి చూపించిన సంగతి ఇది. ఆ విశ్రాంతిని నేను బద్ధకం అని కొట్టిపారేశాను. కండరం మరమ్మతుకు మాంసకృత్తులు కావాలి, ఖాళీ అయిన గ్లైకోజెన్ నిండడానికి పిండిపదార్థాలు కావాలి, ఈ రెండు పనులూ బాగా సాగడానికి గాఢనిద్ర కావాలి. పెద్దవాళ్లకు మొత్తం నిద్ర కనీసం ఏడు గంటలు ఉండాలి. నేను నాలుగున్నరతో సరిపెట్టాను.

సుబ్బారావు ఇంకో పని కూడా నన్ను తాకింది. ఆయన అన్నదమ్ములు స్ప్రూ అనే జబ్బుతో పోయారు. పేగులు పోషకాలను పీల్చుకోలేక, రక్తం పలచబడి మనిషి క్షీణించే జబ్బు అది. ఆ దుఃఖం ఆయనను వదల్లేదు. తర్వాత లెడర్లీ సంస్థలో ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసింది. ఇప్పుడు మన ఆరోగ్య కేంద్రాల్లో ఆడవాళ్లకు ఇచ్చే ఐరన్ మాత్రలో ఇనుముతో పాటు ఉండేది ఆ ఫోలిక్ ఆమ్లమే. డాక్టరమ్మ రాసిచ్చిన మాత్ర చేతిలో పెట్టుకుని నేను చాలాసేపు కూర్చున్నాను. 1948లో యాభై మూడేళ్లకే పోయిన మనిషి, అలసిన కండరం గుట్టునూ, పలచబడ్డ రక్తానికి మందునూ వెతికాడు. ఆయన పేరు ఉన్న వీధి గానీ విగ్రహం గానీ రోజూ వేలమంది చదువుకునే మా అమీర్‌పేటలో నా కంటికి ఎక్కడా తగల్లేదు. ఉండాలని నా కోరిక.

ఇక ఇనుము సంగతి. ఊపిరితిత్తుల నుంచి ఆక్సిజన్‌ను మోసుకెళ్లి కండరానికి ఇచ్చేది హిమోగ్లోబిన్. అది తయారు కావాలంటే ఇనుము ఉండాలి. వ్యాయామం చేసేవాళ్లకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి, దాన్ని మోసే రక్తమే నాలో తక్కువ. పైగా గట్టి వ్యాయామం తర్వాత కొన్ని గంటల పాటు హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి, పేగులు ఇనుమును తీసుకోవడం తగ్గుతుంది. అన్నం తినగానే నేను తాగే టీ ఆ తగ్గినదాన్ని మరింత తగ్గించింది. టీలోని టానిన్లు ఆకుకూరల్లో, పప్పుల్లో ఉన్న ఇనుమును పట్టేసుకుంటాయి. భోజనానికీ టీకీ కనీసం గంట ఎడం ఉండాలి. పప్పు మీద నిమ్మరసం పిండుకున్నా, భోజనంతో జామకాయ ముక్కలు, ఉసిరికాయ తిన్నా ఇనుము బాగా ఒంటబడుతుంది. మా అమ్మ తోటకూర పప్పులో చింతపండు తగ్గించి నిమ్మకాయ ఎందుకు పిండేదో అమ్మకూ తెలియదు, ఆ రుచి ఆవిడకు ఇష్టం.

మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, ఐసీఎంఆర్ కలిసి 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం పెద్దవయసు స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, పురుషుడికి 19. మాంసకృత్తులు ఒంటి బరువులో కిలోకు 0.83 గ్రాములు. అరవై కిలోల మనిషికి యాభై గ్రాములన్నమాట. గుడ్డు ఒక్కదాంట్లో ఆరు గ్రాములుంటాయి. నేను తిన్న పుల్కాలు, కీరా ముక్కలు, కర్రీ పాయింట్ కూర కలిపి కాగితం మీద రాసుకుని చూస్తే సగానికి కూడా రాలేదు. జిమ్ అబ్బాయి మొదటి రోజే రాసి తెమ్మన్న కాగితం అది. పాతబస్తీ తాలీంఖానాల పహిల్వాన్లను చూడండి, కసరత్తుతో పాటు పాలు, బాదం, నెయ్యి, మాంసం, పగటి నిద్ర కూడా వాళ్ల సాధనలో భాగమే. కసరత్తును మాత్రం తీసుకుని మిగతావాటిని విలాసం అనుకున్న తెలివి నాలాంటి వాళ్లదే.

డాక్టరమ్మ వ్యాయామం మానమనలేదు. కొన్నాళ్లు బరువులు పక్కన పెట్టి, మాట్లాడుతూ నడవగలిగినంత వేగంతో నడవమంది. వారం మొత్తానికి 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, రెండు రోజులు కండరాలకు పని, ఇదే ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పేది. అక్కడికి కూడా మెల్లగా చేరమంది. ఎక్కువ రక్తస్రావానికి గైనకాలజిస్టు దగ్గరికి పంపింది. రాత్రి క్లాసులో పిల్లలకు చెప్పేశాను, పది తర్వాత ఫోన్ చూడను, సందేహాలకు జవాబులు పొద్దున ఇస్తానని. ఒక్కరూ తప్పు పట్టలేదు. ఇన్నేళ్లు అర్ధరాత్రి దాకా కూర్చోమని నన్ను ఎవరూ అడగలేదని అప్పుడు తెలిసింది. జిమ్ సాయంత్రానికి మార్చుకున్నాను. పొద్దున ఇడ్లీయో, పెసరట్టో, రెండు గుడ్లో తినకుండా ఇంట్లోంచి కదలడం లేదు. రాత్రి జొన్నరొట్టె, పప్పు.

ఇనుము తొందరగా నిండేది కాదు. హిమోగ్లోబిన్ కొన్ని వారాల్లో పెరుగుతుంది గానీ, అది సరైన స్థాయికి వచ్చాక కూడా నిల్వలు నిండడానికి ఇంకో మూడు నెలలు మాత్రలు వాడాలి. ఓపిక తిరిగి రావడం కూడా ఒక్కరోజులో జరగలేదు. మొదట పచ్చి బియ్యం మీద ఆశ పోయింది. తర్వాత మధ్యాహ్నపు కునుకు పోయింది. పంజాగుట్ట స్టేషన్ మెట్లు ఆగకుండా ఎక్కిన రోజు, పైకి వచ్చాక గుర్తొచ్చింది ఆగలేదని. బరువులు ఇప్పుడు మళ్లీ ఎత్తుతున్నాను, అప్పటికంటే ఎక్కువే.

ఆ ఖమ్మం అమ్మాయిని వెతుక్కుంటూ వెళ్లాను. ఎస్సార్ నగర్ వైపు ఒక హాస్టల్, గదికి ఐదుగురు. నన్ను చూసి భయపడింది. క్షమించమని అడిగాను, ఆ పిల్ల గదిలోని వాళ్లందరి ముందే, ఎందుకంటే తిట్టింది అందరి ముందు. అప్పుడు చెప్పింది. పొద్దున హాస్టల్‌లో టిఫిన్ ఎనిమిదికి, నా క్లాసు ఏడున్నరకు. అందుకని తినకుండా వచ్చేది. రాత్రి పదకొండు దాకా ఒక దుకాణంలో బిల్లింగ్ పని. బరువు తగ్గాలని స్నేహితురాలితో కలిసి టెర్రస్ మీద వ్యాయామం కూడా మొదలుపెట్టిందట, నేను జిమ్ గురించి క్లాసులో గొప్పగా చెప్పిన తర్వాత! ఇద్దరం కలిసి బస్తీ దవాఖానాకు వెళ్లాం. ఆ పిల్ల హిమోగ్లోబిన్ నాకంటే తక్కువ. మందులు వాడింది, కోర్సు పూర్తి చేసింది, ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. నేను మాత్రం ఏడున్నర బ్యాచ్‌ను ఎనిమిదిన్నరకు మార్పించాను, పిల్లలు టిఫిన్ తిని రావడానికి.

మన రెండు రాష్ట్రాల్లో ఇది ఒక పిల్ల కథ, ఒక మేడమ్ కథ కానే కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో తెలంగాణలో 57.6 శాతం మందికి, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే నా క్లాసులో ఇరవై మంది ఆడపిల్లలుంటే పది పన్నెండు మంది అలసటతోనే కూర్చుని ఉండొచ్చు. వాళ్లలో ఎవరైనా కొత్త సంవత్సరం రోజున వ్యాయామం మొదలుపెడితే, నా స్థితికి రావచ్చు, నాలాగే తమను తాము తిట్టుకోవచ్చు.

అందుకే అమీర్‌పేట, ఎస్సార్ నగర్, పంజాగుట్ట హాస్టళ్లలో ఉండే నా తల్లులకు చెబుతున్నాను. వ్యాయామం చేయండి, తప్పకుండా చేయండి. జిమ్‌కు డబ్బు కట్టే రోజే హిమోగ్లోబిన్ కూడా చూపించుకోండి. బస్తీ దవాఖానాలో రక్త పరీక్షకు డబ్బు తీసుకోరు. మొదటి రెండు మూడు వారాల అలసట మామూలే, అది పడుకుంటే తగ్గుతుంది. పడుకుని లేచినా తగ్గని అలసట, మెట్లెక్కితే ఆయాసం, బియ్యం నమలాలన్న ఆశ ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లండి. గట్టి వ్యాయామం తర్వాత మూత్రం ముదురు గోధుమ రంగులో వచ్చినా, ఛాతీలో నొప్పి వచ్చినా తెల్లారేదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి పొండి. హాస్టళ్లు నడిపే అన్నలకు, అక్కలకు నా విన్నపం ఒక్కటే: రాత్రి పప్పు కాస్త చిక్కగా వండండి, పొద్దున ఏడింటికే టిఫిన్ పెట్టండి, వారంలో కొన్ని రోజులైనా గుడ్డు ఇవ్వండి.